కిటికీలోని పింగాణీ కుక్కలు

కోపెన్‌హేగన్
మే నెల చివరి ఆదివారం, 1967

మారెన్ అక్కా,

కాళ్లు వేడినీళ్ల తొట్టిలో పెట్టుకుని, ఒళ్లో పలక పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే లాండ్రీని తిట్టు, నన్ను కాదు. హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి కుడి భుజం పట్టేసింది. రోజంతా ఆ యంత్రం పక్కన నిలబడితే సాయంత్రానికి దుప్పటీ నేనూ ఒకేలా చదునైపోతున్నాం.

ఇక అసలు విషయం. వెనక గదిలో అద్దెకున్న టీచరమ్మ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆ గది ఇంకెవరికీ ఇవ్వను. కిటికీలోంచి చెస్ట్‌నట్ చెట్టు కనిపిస్తుంది, చలికాలం వెచ్చగా ఉంటుంది, మెట్లు మాత్రం నాలుగంతస్తులు ఎక్కాలి. ఆ ద్వీపంలో నీకు ఇంకా ఏముందక్కా? లౌరిట్స్ బావ ఓడ మునిగి పదకొండేళ్లు దాటింది. ఇంట్లో దిగే జర్మన్ యాత్రికులకు దుప్పట్లు పరుస్తూ, వాళ్ల ఇసుక చెప్పుల వెనకాల ఊడుస్తూ ఎన్నాళ్లు బతుకుతావు? ఇద్దరం ఒకచోట అలసిపోదాం. కనీసం ఒకరి కాఫీ ఇంకొకరు పెట్టొచ్చు.

ఆలోచిస్తానని రాయకు. వస్తానని రాయి.

నీ సిగ్నె


ఏరోస్కొబింగ్
జూన్ మధ్య

సిగ్నె,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతుంటే పైగదిలో వాళ్లు ఇంకో తువ్వాలు కావాలని గంట కొట్టారు.

ఈ ఏడాది అతిథులు ముందే వచ్చేశారు. మన వీధిలో ఇళ్లు ఎంత పొట్టివో నీకు తెలుసుగా. పొడుగాటి మనుషులు నడుస్తూ నడుస్తూ కిటికీలోకి వంగి చూస్తారు, నేను చేపకు ఉప్పు రాస్తుంటే ఫొటో తీసుకుంటారు. గుమ్మం పక్కన హోలీహాక్ పువ్వులు పూస్తే ఇంకా ఎగబడతారు. నిన్న హాంబర్గ్ నుంచి వచ్చినావిడ కిటికీలో ఉన్న అమ్మ పింగాణీ కుక్కల్ని చూసి, ఇవి అమ్ముతారా అంది. అమ్మనన్నాను. మరి రెండూ వీధివైపే ఎందుకు చూస్తున్నాయి అంది. ఇంటి మగవాడు సముద్రం మీద ఉంటే కుక్కల్ని వీధివైపు తిప్పి పెడతాం, ఇంట్లో ఉంటే గదివైపు తిప్పుతాం అని చెప్పాను. 'అయితే మీవారు ఎప్పుడొస్తారు?' అంది. కాఫీ చల్లారిపోతోందని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను.

ఎదురు చూస్తున్నానని అనుకోకు. ఎదురు చూడటం ఎప్పుడో అయిపోయింది. ఖాళీ లైఫ్‌బోటు దొరికిన నాడే నాకు తెలుసు. కానీ మనవాళ్లు రెండే వైపులు చెప్పి పోయారు. ఉంటే లోపలికి, వెళితే బయటికి. ఉన్నాడో లేడో తెలియని మనిషికి ఏ వైపు తిప్పాలో ఎవరూ చెప్పలేదు. అలాగే ఉంచేశాను. ఆ తర్వాత ముట్టుకునే ఓపిక లేకపోయింది.

పైగా మా అత్తగారున్నారు. అబెలోన అత్తకు ఇప్పుడు ఎనభై ఆరు. వృద్ధాశ్రమం నుంచి ప్రతి శుక్రవారం కర్ర ఊనుకుంటూ కార్లా బేకరీకి వస్తారు. వచ్చేటప్పుడు మన కిటికీ ముందు ఆగుతారు. కుక్కల్ని చూస్తారు. మెల్లగా తల ఊపి ముందుకు పోతారు. లోపలికి రారు. కిటికీ బయట బిగించిన వీధి అద్దంలో నాకు అంతా కనిపిస్తుంది. ఆ తల ఊపులో, నా కొడుకు ఇంకా దారిలోనే ఉన్నాడు అన్నంత నమ్మకం ఉంటుంది. కుక్కల్ని తీసేసి ఆవిడ నమ్మకాన్ని తుంచలేను. ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను ఎక్కడికీ రాలేను. గది ఇంకెవరికైనా ఇచ్చేయి.

నీళ్ల పంపు మళ్లీ మొరాయించింది. ఫెర్రీలో ఇంజన్ పనిచేసి రిటైరైన హొల్గర్ వచ్చి బాగుచేశాడు.

మారెన్


కోపెన్‌హేగన్
జులై మొదటివారం

అక్కా,

గది ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వను. నువ్వు మొండిదానివైతే నేను నీ చెల్లెల్ని.

ఒక సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈస్టర్ నుంచి నువ్వు రాసిన ప్రతి ఉత్తరంలో నీళ్ల పంపు పాడవుతోంది. ప్రతిసారీ హొల్గర్ వచ్చి బాగుచేస్తున్నాడు. డెన్మార్క్ మొత్తంలో ఇంత అనారోగ్యంగా ఉన్న పంపు ఇంకోటి ఉండదు. ఆ హొల్గర్ అంటే, చిన్నప్పుడు ఓడరేవు గట్టుమీద నుంచి సైకిల్‌తో సహా నీళ్లలో పడ్డవాడేనా? భార్య పోయిందని విన్నాను. అంతే విన్నాను.

ఆగస్టులో సెలవు ఇచ్చారు. ఇవ్వడం అంటే ఏమీ లేదు, నేను యంత్రం పక్కన కళ్లు తిరిగి పడ్డాను, సూపర్‌వైజర్ భయపడిపోయింది. వస్తున్నాను. అతిథిలా కాదు. నన్ను వంటింటి బల్లమీద పడుకోబెట్టినా చాలు. చాలా ఏళ్లయింది ఆ రాళ్ల వీధిలో నడిచి. ఇక్కడ రాత్రంతా ట్రాముల రొద. అక్కడ పడుకుంటే గాలి తప్ప ఏమీ వినిపించదు కదా, ఆ గాలి కావాలి నాకు.

సిగ్నె


ఏరోస్కొబింగ్
జులై చివర

సిగ్నె,

రా. పైన మూలగది నీకోసం ఖాళీగా పెడతాను, వచ్చే డబ్బు పోతే పోయింది. మెత్తటి చెప్పులు తెచ్చుకో, రాళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. వచ్చేటప్పుడు మంచి కాఫీ గింజలు తీసుకురా. ఇక్కడి కొట్లో కాఫీ తాగి తాగి నా నాలుక చచ్చిపోయింది.

కళ్లు తిరిగి పడ్డ సంగతి అలా మధ్యలో ఒక్క మాటగా రాసి పడేస్తావా? వచ్చాక చెబుతాను నీ పని.

పంపు బాగానే ఉంది. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

మారెన్


కోపెన్‌హేగన్
ఆగస్టు చివర

అక్కా,

క్షేమంగా చేరాను. రైల్లో నిద్రపోయి, నువ్వు కట్టిచ్చిన పొగబెట్టిన హెర్రింగ్ చేపలు ఒళ్లో పెట్టుకుని దిగాను. రైలుపెట్టె అంతా చేపల వాసన. నా పక్కన కూర్చున్న గుమస్తా ఇంకో పెట్టెలోకి మారిపోయాడు.

నీ దగ్గరున్న రోజుల్లో మనం పెద్దగా ఏం మాట్లాడుకోలేదు, గమనించావా? పొద్దున నువ్వు దుప్పట్లు మార్చేదానివి, నేను చివర్లు పట్టుకునేదాన్ని. మధ్యాహ్నం ఇద్దరం కుర్చీల్లో కూలబడి కాళ్లు చాపుకునేవాళ్లం. ఓసారి నువ్వు మాట మధ్యలోనే నిద్రపోయావు. నీ ముఖం చూస్తే అమ్మ ముఖమే. అమ్మ కూడా అలాగే, మంచం మీద ఎప్పుడూ పడుకోలేదు, ఎప్పుడూ కుర్చీలోనే ఒరిగిపోయేది. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు తరగాలని వంటింట్లోకి వెళ్లిపోయాను.

నేను చూసినవి కొన్ని రాస్తాను, వద్దన్నా రాస్తాను. వెనక తోట గేటు గడియకు నూనె రాసి ఉంది. ముందు తలుపు గడియకు లేదు, అది కీచుమంటుంది. మధ్యాహ్నం కాఫీ వేళకు నువ్వు నన్ను ఏదో ఒక పని చెప్పి బజారుకు పంపేదానివి. తిరిగొచ్చేసరికి కడిగిన కప్పులు రెండు బోర్లించి ఉండేవి. ఒకరోజు నేను తొందరగా వచ్చేశాను. తోటలో బెర్రీ పొద వెనక పెద్దాయన ఒకాయన టోపీ చేతిలో పట్టుకుని, వంగి, దొంగలా గేటు దాటుతున్నాడు. ఇంత వయసులో, ఇంత మంచి మనిషి అలా వంగి పోవడం చూస్తే నవ్వు రాలేదక్కా.

నేను తిరిగి బయల్దేరిన రోజు పొద్దున నువ్వు అతిథులకు రొట్టె పెడుతుంటే ముందుగది కిటికీ అద్దాలు కడిగాను. ఉప్పుగాలికి తెల్లగా పొర కట్టేసి ఉన్నాయి. గుమ్మం మెట్లు కూడా. అంతే, అంతకంటే ఏమీ చేయలేదు. అలసిపోయి ఉన్నావు, రేవుదాకా వచ్చావు, చాలు.

గది ఇంకా అలాగే ఉంది.

సిగ్నె


ఏరోస్కొబింగ్
సెప్టెంబరు, మంగళవారం

సిగ్నె,

అద్దాలు మాత్రమే కడిగావా?

నిన్ను ఫెర్రీ ఎక్కించి, వెనక సందులోంచి ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే సాయంత్రందాకా నిద్రపోయాను. అలా పగలంతా నిద్రపోవడం నా జన్మలో లేదు. లేచి దీపం పెట్టడానికి ముందుగదిలోకి వెళితే, రెండు కుక్కలూ నన్ను చూస్తున్నాయి. పదకొండేళ్లలో వాటి ముఖాలు ఎలా ఉంటాయో మరిచిపోయాను. ఎడమదాని ముక్కు దగ్గర రంగు పోయింది.

నీ చేతికి తెలియక అలా పెట్టిందని మాత్రం రాయకు. నువ్వు ఈ ఇంట్లోనే పుట్టావు. నాన్న ఓడ దిగిన ప్రతిసారీ కుక్కల్ని తిప్పడానికి మనమిద్దరం కొట్టుకునేవాళ్లం.

అప్పటికే వీధి అంతా చూసేసింది. కార్లా ఏదో వంకన కేకు పట్టుకుని వచ్చి, లోపల ఎవరైనా ఉన్నారా అన్నట్టు నా భుజం మీదుగా చూసింది. తలనొప్పిగా ఉందని తలుపు వేసేశాను. వాటిని మళ్లీ బయటికి తిప్పుదామనుకున్నాను. తిప్పితే ఎందుకు తిప్పావని అడుగుతారు. ఆ రెండు అడుగులు వేసి, చెయ్యి చాచి, వాటిని పట్టుకునేంత ఓపిక కూడా నాలో మిగల్లేదు.

ఇప్పుడు దాచి ఏం లాభం. హొల్గర్ నాలుగేళ్లుగా కాఫీకి వస్తున్నాడు. వెనక గేటులోంచి వచ్చి, వెనక గేటులోంచి పోతాడు. కుక్కల ముందునుంచి రావడం అతనికి ముఖం చెల్లదు. మాట్లాడేది తక్కువ, ఇద్దరం కాఫీ తాగుతాం, అతను ఏదైనా బిగిస్తాడు, వెళ్లిపోతాడు. నాకు ఆ కాసేపే రోజులో విశ్రాంతి. ఈ వేసవిలో ఇల్లు అమ్మేశాడు. కూతురు స్వెన్‌బోర్గ్‌కు వచ్చేయమంటోంది. వెళ్లేముందు నన్ను అడిగాడు. అడిగిన తీరు కూడా అతనిలాగే ఉంది. 'మారెన్, మనిద్దరికీ మాటలు రావు. నన్ను ఉండమనాలనిపిస్తే ఆ కుక్కల్ని కిటికీలోంచి తీసేయ్. నాకు అర్థమవుతుంది' అన్నాడు. రోజూ తీసేద్దామనుకునేదాన్ని. రోజూ అత్త తల ఊపడం గుర్తొచ్చేది. ఇంకా టైముందిలే అనుకున్నాను.

నువ్వు వెళ్లిన రోజు అతను వీధి చివరదాకా వచ్చి చూశాడట. తీసేయలేదు, లోపలికి తిప్పి ఉన్నాయి. అంటే ఇంటి మగవాడు ఇంట్లోనే ఉన్నాడని కదా. నాకు లౌరిట్స్ ఉన్నాడు, నువ్వు అక్కర్లేదు అని చెప్పాననుకున్నాడు. మర్నాడు పొద్దుటి ఫెర్రీకి పెట్టె పట్టుకుని వెళ్లిపోయాడు. ఫెర్రీ మీద టిక్కెట్లు చింపే మనిషితో ఈ మాట చెప్పాడట, అతను కార్లాతో చెప్పాడు, కార్లా నాతో చెప్పింది. వెనక మెట్టుమీద అతని కప్పు కడిగి, బోర్లించి పెట్టి ఉంది.

ఎల్లుండి దాటితే శుక్రవారం. అత్త వస్తారు. కుక్కలు లోపలికి తిరిగి ఉంటాయి. ఆ ముసలావిడ తలుపు కొట్టి, నా కొడుకు నిద్రపోతున్నాడా అని అడిగితే ఏం చెప్పను? నువ్వే వచ్చి చెప్పు.

నీ మీద ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

మారెన్


కోపెన్‌హేగన్
సెప్టెంబరు, గురువారం

అక్కా,

నీ ఉత్తరం లాండ్రీ మెట్లమీద కూర్చుని చదివాను.

చేతికి తెలియక పెట్టిందని రాయను. రాయవద్దన్నావుగా. అద్దం కడుగుతుంటే ఆ కుక్కల వీపులే కనిపించాయి నాకు. ఈ ఇంట్లో ఉన్న మనిషిని ఎవరూ చూడటం లేదనిపించింది, కుక్కలు కూడా. నిన్ను చూడమని తిప్పాను. హొల్గర్ పెట్టిన గుర్తు సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే తీసి నా పెట్టెలో పెట్టుకుని వచ్చేసేదాన్ని.

అబెలోన అత్తకు ఏం చెబుతావో నాకూ తెలియదు. నిజం చెప్పక్కా. ఆవిడ పడిపోకుండా చెయ్యి పట్టుకుని చెప్పు.

ఈ ఉత్తరం శుక్రవారంలోగా నీకు చేరదని తెలుసు. అయినా రాశాను.

సిగ్నె


ఏరోస్కొబింగ్
సెప్టెంబరు, ఆదివారం

సిగ్నె,

శుక్రవారం పొద్దుటి నుంచి వీధి అద్దం ముందే కూర్చున్నాను. అతిథులకు రొట్టె తామే కోసుకోమన్నాను. వీధి మలుపు దగ్గర నల్ల కోటు కనిపించగానే లేచి నిలబడ్డాను. ఆవిడ ఎప్పటిలాగే కర్ర ఆనించి, రెండు అడుగులకోసారి ఆగుతూ వచ్చారు. కిటికీ ముందు నిలబడ్డారు. తల ఊపలేదు. చాలాసేపు చూశారు. తర్వాత నా ముందు తలుపు కీచుమంది.

లోపలికి వచ్చి, కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నారు. కాసేపు ఆయాసం తీర్చుకున్నారు. నేను నిలబడే ఉన్నాను. అప్పుడు అడిగారు.

'లోపలున్నది ఎవరే? ఇంజన్ హొల్గరేనా?'

నాకు ముందు అర్థం కాలేదు. 'అత్తయ్యా, లౌరిట్స్...' అని ఆగిపోయాను.

'లౌరిట్స్ సంగతి నాకు చెప్పక్కర్లేదు. ఓడ మునిగిన ఆ నవంబరులోనే తెలుసు. కన్నదాన్ని, నాకు తెలియదా?'

'మరి ప్రతి శుక్రవారం కుక్కల్ని చూసి తల ఊపేవారు కదా?'

'నీకోసమే ఊపాను. నువ్వు వాటిని అలా పెట్టుకుని కూర్చుంటే, ఊపకుండా ఎలా పోను? నీ మనసు కష్టపడుతుందని ఊపాను. నా మెడనొప్పి నీకేం తెలుసు!'

కింద కూర్చుండిపోయాను సిగ్నె. ఆవిడ మోకాళ్ల మీద తలపెట్టి ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నా జుట్టు సరిచేస్తూ, నెరిసిపోయిందే అన్నారు. ఇన్నేళ్లూ ఆవిడకోసం నేనూ, నాకోసం ఆవిడా ఒక చచ్చిపోయిన మనిషిని వీధిలో నిలబెట్టి ఉంచాం. ఇద్దరికీ ఒళ్లు హూనమైంది.

కాఫీ పెట్టాను, నువ్వు తెచ్చిన గింజలతో. తాగుతూ అడిగారు, హొల్గర్ ఎక్కడా అని. జరిగినదంతా చెప్పాను. విని, కప్పు కింద పెట్టి, 'స్వెన్‌బోర్గ్‌కు ఎలా వెళ్లాడు?' అన్నారు. ఫెర్రీలో అన్నాను. ఇంకెలా వెళతారు ఇక్కడినుంచి?

'అయితే సముద్రం మీద వెళ్లినట్టేగా' అని, కర్రతో కిటికీవైపు చూపించారు.

లేచి వెళ్లి రెండు కుక్కల్నీ వీధివైపు తిప్పాను. నా చేతులతో నేనే తిప్పాను. ఈసారి బరువనిపించలేదు.

ఆవిడ నిదానంగా బేకరీకి వెళ్లారు. అక్కడ నలుగురూ ఉన్నప్పుడు కార్లా ఉండబట్టలేక అడిగిందట, మారెన్ ఇంట్లో కుక్కలు పొద్దున లోపలికి ఉన్నాయి, ఇప్పుడు బయటికి తిరిగాయి, ఏమిటి సంగతి అని. 'ఆ ఇంటి మనిషి స్వెన్‌బోర్గ్ వెళ్లాడు. వస్తాడు' అని చెప్పి రెండు బన్నులు కొనుక్కుని వెళ్లిపోయారట. కన్నతల్లి నోటినుంచి ఆ మాట వచ్చాక ఇక ఊళ్లో ఎవరు మాట్లాడతారు.

అతను వస్తాడో రాడో నాకు తెలియదు. ఉత్తరం రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు. ఫెర్రీవాళ్లు రోజుకు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతారో, వాళ్ల నోళ్లు అంతకంటే ఎక్కువ తిరుగుతాయి. అది చాలు.

నీ మీద కోపం కొంచెం ఉంది. కొంచెమే.

మారెన్


కోపెన్‌హేగన్
సెప్టెంబరు చివర

అక్కా,

నీ ఉత్తరం చదివి, పక్కింటావిడ గోడ తట్టేంతగా ఏడ్చాను. తర్వాత వెనక గదిలోకి వెళ్లి కూర్చున్నాను. నీకోసం కొత్త కర్టెన్లు కుట్టి తగిలించాను, ఆ సంగతి నీకు చెప్పలేదు. వాటిని చూస్తూ కూర్చున్నాను. నువ్వు రావు అని అర్థమైంది. కుక్కల్ని తిప్పే ముందే ఎక్కడో అర్థమయ్యే ఉంటుంది. అయినా తిప్పాను.

సంతోషంగా ఉందక్కా. ఒంటరిగానూ ఉంది. రెండూ నిజమే, ఒకటి దాచి ఒకటి రాయలేను.

ట్రాము ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఒకతె గది చూసి వెళ్లింది. గలగలా మాట్లాడుతుంది. రేపు వస్తానంది. ఇచ్చేస్తాను.

అతను వచ్చాడా?

సిగ్నె


ఏరోస్కొబింగ్
అక్టోబరు

సిగ్నె,

శనివారం మధ్యాహ్నం ఫెర్రీకి వచ్చాడు. వర్షం పడుతోంది. వీధి అద్దంలో చూశాను. అదే పెట్టె, అదే టోపీ. కిటికీ ముందు ఆగి కుక్కల్ని చూశాడు. మళ్లీ చూశాడు. ఆ తర్వాత, అలవాటు ఎక్కడికి పోతుంది, వెనక సందువైపు తిరిగాడు. నేను కిటికీ అద్దం మీద వేళ్లతో గట్టిగా కొట్టి ముందు తలుపు చూపించాను.

గుమ్మంలో నీళ్లు కారుతూ నిలబడ్డాడు. 'అప్పుడు లౌరిట్స్ ఇంట్లో ఉన్నాడని చెప్పావనుకున్నాను' అన్నాడు.

'ఇప్పుడేం చెప్పాననుకుంటున్నావు?' అన్నాను.

చాలాసేపు ఆలోచించాడు. నీకు తెలుసుగా అతని ఆలోచన, ఇంజన్ వేడెక్కడానికి పట్టినంత సేపు. 'నేను ఇంట్లో లేనని' అన్నాడు.

'అవును లేవు. చలిగాలి వస్తోంది, లోపలికి రా' అన్నాను.

పెద్దగా ఏమీ మారలేదు. నా కాళ్లు అలాగే పీకుతున్నాయి. అతను గురక పెడతాడు, ముందే చెప్పాడు, నేను నమ్మలేదు. ఇద్దరం మధ్యాహ్నం కుర్చీల్లో ఒరిగి నిద్రపోతాం. శుక్రవారం అత్త వచ్చి, మాలో ఎవరినీ అడగకుండా, కుక్కల్ని తనే గదివైపు తిప్పి పెట్టారు. ముక్కుమీద రంగు పోయినదాన్ని తువ్వాలుతో తుడిచి మరీ పెట్టారు. ఇప్పుడు లోపలికి వచ్చి కాఫీ తాగే వెళుతున్నారు.

ఆ అమ్మాయికి గది ఇచ్చావా? ఇచ్చి ఉంటే మంచిదే. కర్టెన్లు మాత్రం తీసి దాచుకో, అవి నావి. పైన మూలగదికి వేద్దాం, అది ఇక అతిథులకు ఇవ్వను. అది నీ గది. లాండ్రీ వాళ్లు ఎప్పుడు పొమ్మన్నా, పొమ్మనకపోయినా రావచ్చు.

నువ్వు కడిగిన అద్దాల మీద మళ్లీ ఉప్పు పొర కట్టింది. నేను ముట్టుకోలేదు. నువ్వే వచ్చి కడుగు.

మీ అక్క